మూడు గ్రంథాలు, ఒక పునరాలోచన: డాక్టర్ మహబూబుల్ హఖ్ ఆర్థిక చింతనపై విమర్శ

ఒక దేశం తన ఆర్థిక వ్యవస్థను ఆధునికం చేసుకుంటే ఆ దేశపు మనిషి కూడా దానితోపాటు ఎదుగుతాడా? ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో స్వాతంత్ర్యం పొందిన ముస్లిం దేశాలలో చాలా వాటి పాలకులు ఈ ప్రశ్నకు 'ఔను' అనే సమాధానాన్ని ముందే నిర్ణయించుకొని ప్రణాళికలు వేసుకున్నారు. ఆనకట్ట కడితే పొలం పండుతుంది, పొలం పండితే రైతు కడుపు నిండుతుంది, మిల్లు పెడితే పని దొరుకుతుంది, తండ్రికి పని దొరికితే బిడ్డ బడికి పోతాడు అన్న తర్కం వినడానికి సహజంగానే ఉంటుంది. ఈ గొలుసులోని లంకెలు ఎక్కడెక్కడ తెగిపోతాయో తన కళ్ళతో చూసి, స్వయంగా వ్రాసిన ప్రణాళికల ఫలితాలను తన నోటితోనే తప్పు పట్టిన ఆర్థికవేత్త డాక్టర్ మహబూబుల్ హఖ్ (1934–1998).

ఆయన మూడు గ్రంథాలు మూడు దశలకు సాక్ష్యాలుగా నిలిచి ఉన్నాయి. 1963లో వెలువడిన 'ది స్ట్రాటజీ ఆఫ్ ఎకనామిక్ ప్లానింగ్' ఒక యువ ప్రణాళికావేత్త ఆత్మవిశ్వాసాన్ని చూపుతుంది. 1976 నాటి 'ది పావర్టీ కర్టెన్' ఆ విశ్వాసం చెదిరిన తరువాత వ్రాసినది. 1995 నాటి 'రిఫ్లెక్షన్స్ ఆన్ హ్యూమన్ డెవలప్‌మెంట్' ఒక కొత్త సిద్ధాంతాన్ని స్థిరపరచే ప్రయత్నం. మూడింటినీ వరుసగా చదివినవారికి ఒక విద్వాంసుడు తన పొరపాటును దిద్దుకున్న క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఆ దిద్దుబాటు ఎంత దూరం సాగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది పరిశీలించకుండా ప్రశంసతో సరిపెట్టడం ఆయనకూ న్యాయం కాదు, ఆ ప్రణాళికల భారాన్ని మోసిన ప్రజలకూ న్యాయం కాదు.

ముందు వృద్ధి, తరువాత పంపకం

లాహోరు, కేంబ్రిడ్జి, యేల్ విద్యాలయాలలో ఆర్థికశాస్త్రం చదువుకున్న హఖ్ 1957లో, తన ఇరవై మూడవ ఏట, పాకిస్తాన్ ప్రణాళికా సంస్థలో చేరారు. మరుసటి సంవత్సరమే అయూబ్ ఖాన్ సైనిక పాలన మొదలైంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం పంపిన సలహాదారులు ప్రణాళికా రచనలో పాలుపంచుకుంటూ ఉన్న కాలం అది. రెండవ పంచవర్ష ప్రణాళిక (1960–65) కాలంలో జాతీయోత్పత్తి సాలుకు 5 శాతానికి పైగా పెరిగింది. కరాచీ మిల్లులు, మంగ్లా ఆనకట్ట, కొత్త రాజధాని ఇస్లామాబాద్ ఆ దశాబ్దపు చిహ్నాలు. విదేశీ పత్రికలు పాకిస్తాన్‌ను తక్కిన పేద దేశాలకు ఆదర్శంగా చూపించాయి.

1963 గ్రంథం ఈ వాతావరణంలో పుట్టింది. దాని సారాంశం సూటిగానే ఉంది. పేద దేశం ముందు ఉత్పత్తిని పెంచుకోవాలి. సమానత్వం, సంక్షేమ రాజ్యం వంటి ఆశయాలను దూర భవిష్యత్తుకు వాయిదా వేసుకోవాలి. లాభం కొద్దిమంది చేతులలో పోగుపడినా వారు దానిని తిరిగి పెట్టుబడిగా పెడతారు గనుక ఆ అసమానతను కొంతకాలం సహించాలి. హార్వర్డ్ సలహాదారులలో ఒకరైన గుస్తావ్ పాపనెక్ 1967లో ప్రచురించిన గ్రంథం మరో అడుగు ముందుకు వేసి, వ్యక్తుల లాభాపేక్ష సైతం సమాజానికి ఉపయోగపడగలదని వాదించింది. హఖ్‌లో అట్టి ధీమా లేదు. ఆయన అసమానతను మెచ్చుకోలేదు, అనివార్యమని అంగీకరించారు.

కాని ఆ గ్రంథంలోనే ఒక వైరుధ్యం ఉంది. విమర్శకులు సాధారణంగా దానిని దాటిపోతారు. తూర్పు పాకిస్తాన్ నుండి పశ్చిమ పాకిస్తాన్‌కు వనరులు తరలిపోతున్న సంగతిని హఖ్ అందులో స్వయంగా లెక్కగట్టారు. తూర్పు బెంగాల్ రైతు పండించిన జనుము సంపాదించిన విదేశీ మారకం పశ్చిమాన మిల్లులు నిలబెట్టడానికి ఉపయోగపడుతోంది. ఈ విషయం ఆయన పట్టికలలో ఉంది. ఆయన సిద్ధాంతం మాత్రం పంపకాన్ని వాయిదా వేయమంటోంది. అనగా లెక్కకు కనిపించిన అన్యాయాన్ని సిద్ధాంతం చూడలేకపోయింది. వాయిదాకు గడువు ఎవరు నిర్ణయిస్తారు, ఆ గడువు వచ్చేవరకు ఆకలికి ఎవరు ఓర్చుకుంటారు అన్న ప్రశ్న ఆ పుటలలో ఎక్కడా ఎదురుకాదు.

ఇరవై రెండు కుటుంబాలు

1968లో అయూబ్ ప్రభుత్వం 'అభివృద్ధి దశాబ్దం' ఉత్సవాలు జరుపుకుంటున్నది. ఆ సంవత్సరమే ఏప్రిల్‌లో కరాచీలో, ప్రభుత్వపు ప్రధాన ఆర్థికవేత్త హోదాలో ఉండగానే, హఖ్ చేసిన ప్రసంగం దేశాన్ని కుదిపివేసింది. దేశపు పారిశ్రామిక ఆస్తులలో సుమారు మూడింట రెండు వంతులు, బ్యాంకింగు, బీమా రంగాలలో అంతకంటే పెద్ద భాగం ఇరవై రెండు కుటుంబాల అధీనంలో ఉన్నాయని ఆయన ప్రకటించారు. పారిశ్రామిక కార్మికుల నిజవేతనాలు పెరగకపోగా మూడింట ఒక వంతు తగ్గిపోయాయన్నది ఆయన చెప్పిన మరొక లెక్క. ఉత్సవాలు ముగియకముందే విద్యార్థులు, కార్మికులు వీధులలోకి వచ్చారు. 1969 మార్చిలో అయూబ్ ఖాన్ గద్దె దిగారు. 1971లో తూర్పు పాకిస్తాన్ రక్తపాతం నడుమ బంగ్లాదేశ్ అయింది. దేశ విభజనకు భాష, రాజకీయాధికారం, ఎన్నికల తీర్పు తిరస్కరణ మున్నగు కారణాలు ఉన్నాయి గనుక దానినంతటినీ ప్రణాళికకే అంటగట్టడం సరికాదు. అయినా జాతీయోత్పత్తి పెరుగుతూ ఉన్న దేశమే రెండు ముక్కలైందన్న వాస్తవాన్ని ఏ ఆర్థికవేత్తా విస్మరించలేడు.

1970లో ప్రపంచ బ్యాంకుకు వెళ్ళిన హఖ్, అక్కడ రాబర్ట్ మెక్‌నమారా అధ్యక్షతలో విధాన ప్రణాళికా విభాగాన్ని నడిపారు. ఆ కాలంలోనే 'ది పావర్టీ కర్టెన్' వెలువడింది. ఈ గ్రంథంలోని మొదటి భాగం ఆయన రచనలన్నిటిలో ఉత్తమమైనదని చెప్పవచ్చు. అందులో ఆయన ప్రణాళికావేత్తల పాపాలను, తన పాపాలతో సహా, ఒక్కొక్కటిగా ఎంచి చూపారు. అంకెల మోజు, నియంత్రణల మీద అతి నమ్మకం, పెట్టుబడి మీద భ్రమ, మానవ వనరుల నిర్లక్ష్యం, న్యాయం లేని వృద్ధి ఈ జాబితాలోనివే. జాతీయోత్పత్తిని పెంచితే పేదరికం దానంతట అదే పోతుందన్న పాఠాన్ని ఆయన తలక్రిందులు చేశారు. ముందు పేదరికం సంగతి చూడాలి, జాతీయోత్పత్తి సంగతి దాని వెంట చూసుకోవచ్చు అన్నది కొత్త పాఠం. ఏ వస్తువు ఎంత ఉత్పత్తి అయిందన్న ప్రశ్న కంటే, ఏ వస్తువు ఎవరి కోసం ఉత్పత్తి అయిందన్న ప్రశ్న ముఖ్యమని ఆయన గ్రహించారు.

ఒక విద్వాంసుడు తన తొలి గ్రంథాన్ని తానే ఖండించడం అరుదు. ఇజ్తిహాద్‌లో సరియైన నిర్ణయానికి చేరినవారికి రెండు పుణ్యాలు, పొరపడినవారికి ఒక పుణ్యం లభిస్తాయని దైవప్రవక్త (సఅసం) హదీసు ద్వారా తెలుస్తోంది. నిజాయితీగా యత్నించి పొరపడి, పొరపాటును దాచకుండా ప్రకటించిన వ్యక్తిని ఈ దృష్టితోనే చూడాలి.

కొత్త కొలబద్ద

1989లో హఖ్ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంలో చేరారు. ఆయన నేతృత్వంలో 1990లో మొదటి మానవాభివృద్ధి నివేదిక వెలువడింది. ఆయుర్దాయం, అక్షరాస్యత, ఆదాయం అనే మూడింటిని కలిపి ఒకే అంకెగా చేసిన సూచిక అందులో ఉంది. కేంబ్రిడ్జి నాటి మిత్రుడు అమర్త్య సేన్ ఈ ఒంటి అంకెను మొదట అంగీకరించలేదు. మనిషి జీవితపు సంక్లిష్టతను ఒక అంకెలో ఇరికించడం మోటుతనమని ఆయన అభ్యంతరం. హఖ్ ఆ అభ్యంతరాన్ని కాదనలేదు. జాతీయోత్పత్తి అంత మోటు అంకెను గద్దె దించాలంటే అంతే మోటు అంకె కావాలని, అయితే అది మనిషిని చూడగలిగినదై ఉండాలని ఆయన సమాధానం. సేన్ తరువాత ఆయనకు తోడ్పడ్డారు.

ఆ నివేదిక ఏమి సాధించిందో ఒక్క ఉదాహరణ చాలు. ఆనాటి లెక్కల ప్రకారం సౌదీ అరేబియా తలసరి ఆదాయం శ్రీలంక తలసరి ఆదాయానికి దాదాపు 15 రెట్లు. కాని శ్రీలంక పౌరుని ఆయుర్దాయం 71 సంవత్సరాలు కాగా సౌదీ పౌరునిది 64. వయోజన అక్షరాస్యత శ్రీలంకలో 87 శాతం, సౌదీలో 55 శాతం. చమురు ధనంతో ఆధునికమైన రహదారులు, విమానాశ్రయాలు వేసుకున్న దేశం కంటే ఉచిత విద్య, ఉచిత వైద్యం, చౌక బియ్యం అందించిన పేద దేశం తన ప్రజలను ఎక్కువ కాలం బ్రతికించింది. తరువాతి దశాబ్దాలలో సౌదీ అరేబియా తన ధనాన్ని బడులకు, ఆసుపత్రులకు మళ్ళించి ఈ రెండు కొలతలలోనూ ఎంతో ముందుకు వచ్చింది. దీనిని బట్టి కూడా తేలేది ఒకటే. ధనం అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. దానిని ఏ దారిన నడిపించాలన్నది ఒక నైతిక నిర్ణయం.

ఈ సూచికలో ముస్లిం పాఠకుడు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటి ఉంది. మొదటి నివేదిక ఒక హద్దు దాటిన ఆదాయానికి విలువ ఇవ్వలేదు. అవసరానికి సరిపడే వరకే ఆదాయానికి గణన. ఫిఖ్‌హ్ గ్రంథాలలో 'కిఫాయత్' అని చెప్పబడిన భావనకు ఇది చాలా దగ్గరగా ఉంది. ఇమాం గజాలీ 'అల్ ముస్తస్ఫా'లో షరీఅత్ పరిరక్షించే ఐదు మౌలిక ప్రయోజనాలను ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, ధనం అన్న వరుసలో పేర్కొన్నారు. ధనం ఆ జాబితాలో ఉంది, కాని చివరి స్థానంలో ఉంది. ప్రాణానికి ఆయుర్దాయం, బుద్ధికి అక్షరాస్యత, ధనానికి ఆదాయం అని సరిపోల్చి చూస్తే హఖ్ సూచికలోని మూడు అంశాలూ గజాలీ జాబితాలో కనిపిస్తాయి. అయితే ఈ పోలికను అతిగా సాగదీసి, ఐక్యరాజ్యసమితి నివేదికకు ఇస్లామీయ ముద్ర వేయనక్కరలేదు. గజాలీ జాబితాకు ధర్మం తలమానికం. హఖ్ జాబితాలో ఆ స్థానం ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ ఆయన సిద్ధాంతాన్ని ఎక్కడ బలహీనపరచిందో ముందు చూడవచ్చు.

మాటల వెనుక ఉన్న మూడు పెరుగుదలలు

'డెవలప్‌మెంట్' అన్న పదం ఏ భాషలోకి వెళ్ళినా అనువాదకుడిని చిక్కులో పెడుతుంది. తెలుగులో స్థిరపడిన 'అభివృద్ధి'లోని 'వృద్ధి' నుండే 'వడ్డి' అన్న మాట కూడా పుట్టింది. అరబీలో పెరుగుదలను తెలిపే ధాతువులు మూడు ప్రధానమైనవి ఉన్నాయి. ఒక దాని నుండి 'రిబా' వచ్చింది. మొత్తం మీద మొత్తం చేరుతూ పోవడం దాని లక్షణం. రెండవ దాని నుండి 'నమా', 'తన్‌మియా' వచ్చాయి. మొక్క పెరిగినట్లు, పశువు పెరిగినట్లు పెరగడం దాని లక్షణం. ఆధునిక అరబీలో ఆర్థికాభివృద్ధికి వాడుతున్నది ఈ మాటే. మూడవ దాని నుండి 'జకాత్', 'తజ్కియా' వచ్చాయి. మలినాన్ని వదిలించుకుంటూ ఎదగడం దాని లక్షణం. తోటమాలి కొమ్మలు కత్తిరిస్తే చెట్టు ఎదిగినట్లు, ఇక్కడ ఇవ్వడం ద్వారానే పెరుగుదల జరుగుతుంది. దివ్య ఖుర్ఆన్‌లోని రూమ్ సూరా 39వ ఆయత్ రిబా పెరుగుదలను, జకాత్ పెరుగుదలను ఎదురెదురుగా నిలబెట్టి చూపింది. జుముఆ సూరా రెండవ ఆయత్ దైవప్రవక్త (సఅసం) బాధ్యతలలో తజ్కియాను, గ్రంథబోధనను పక్కపక్కనే పేర్కొన్నది.

ఈ మూడు మాటలను హఖ్ మూడు గ్రంథాల పక్కన పెట్టి చూస్తే చిత్రం తేటపడుతుంది. 1963 గ్రంథం పెరుగుదలను మొత్తాల చేరికగానే చూసింది. 1976, 1995 గ్రంథాలు తన్‌మియా స్థాయికి వచ్చాయి. మనిషి ప్రాణి కనుక అతని ఆహారం, ఆరోగ్యం, చదువు ఎదుగుదలకు మూలమని గుర్తించాయి. మూడవ స్థాయి, అనగా అధికారం, సంపద తమలోని అన్యాయాన్ని వదిలించుకుంటేగాని సమాజం ఎదగదన్న స్థాయి, ఆయన సూచనలలో తొంగిచూస్తుందేగాని సిద్ధాంతంగా నిలబడలేదు.

అరబ్ పండితులు ఈ లోటును పసిగట్టారు. 2002లో వెలువడిన అరబ్ మానవాభివృద్ధి నివేదిక తన పేరులోనే అంతవరకు వాడుకలో ఉన్న 'బషరియ్యా' అన్న విశేషణాన్ని విడిచి 'ఇన్సానియ్యా' అన్న విశేషణాన్ని స్వీకరించింది. 'బషర్' అంటే చర్మమూ మాంసమూ గల మనిషి. 'ఇన్సాన్' అంటే బాధ్యత, బంధుత్వం, మనస్సాక్షి గల మనిషి. ఈ మార్పుకు తగినట్లే ఆ నివేదిక స్వేచ్ఛ, జ్ఞానం, స్త్రీల సాధికారత అనే మూడు లోట్లను అరబ్ సమాజాల ముందు ఉంచింది. ఆదాయం లోటు ఆ మూడింటిలో లేదు. 2010 చివరిలో ట్యునీసియాలో మొదలై 2011లో పలు అరబ్ దేశాలను చుట్టుముట్టిన ప్రజాందోళన ఆ హెచ్చరిక ఎంత సమయానికి వచ్చిందో చాటింది.

దిద్దుబాటు ఆగిన చోటు

తౌబాకు ఉలమా చెప్పిన షరతులు ప్రసిద్ధమే. తప్పును విడిచిపెట్టడం, పశ్చాత్తాపపడడం, మళ్ళీ చేయనని సంకల్పించడం మూడు షరతులు. ఆ తప్పు తోటి మానవుల హక్కులకు, అనగా హుఖూఖుల్ ఇబాద్‌కు, సంబంధించినదైతే నాలుగవ షరతు ఉంది: హక్కు ఎవరిదో వారికి తిరిగి చేరాలి. ఒక ఆర్థికవేత్త పొరపాటును పాపం అని పిలవడం భావ్యం కాదు. అయినా ఈ నాలుగవ షరతు ఆర్థిక సిద్ధాంతానికి మంచి గీటురాయి. హఖ్ రచనలలో మొదటి మూడు షరతులు సంపూర్ణంగా ఉన్నాయి. నాలుగవ దాని వద్దకు వచ్చేసరికి ఆయన కలం తడబడుతుంది. హక్కును లాక్కున్న అధికారం నుండి దానిని తిరిగి రాబట్టే ఉపాయం ఏమిటన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు ఒక్కటే: సరియైన అంకెలు చూపితే పాలకులు సిగ్గుపడి దారికి వస్తారు.

ఆయన సొంత అనుభవమే ఈ జవాబును బలపరచదు. 1982లో జనరల్ జియా పాలనలో ఆయన పాకిస్తాన్‌కు తిరిగి వచ్చి ప్రణాళిక, ఆర్థిక శాఖలు నిర్వహించారు. ఆరవ ప్రణాళిక (1983–88)లో సాంఘిక రంగాలకు, మహిళాభివృద్ధికి చోటు కల్పించారు. విద్య కోసమని దిగుమతులపై 'ఇఖ్రా' పేరిట సర్‌ఛార్జీ కూడా విధించబడింది. ఆ దశాబ్దంలో జాతీయోత్పత్తి సగటున 6 శాతానికి పైగా పెరిగింది. సైనిక వ్యయాన్ని తగ్గించే శక్తి మాత్రం ఏ ఆర్థిక మంత్రికీ లేకపోయింది. 1981 జనగణనలో 26 శాతంగా ఉన్న అక్షరాస్యత, 17 సంవత్సరాల తరువాత 1998 జనగణన నాటికి 44 శాతానికే చేరింది. పరిజ్ఞానం గల మంత్రి ఉన్నారు, ప్రణాళిక ఉంది, వృద్ధి ఉంది, దివ్యవాణి తొలి పదాన్ని పేరుగా పెట్టుకున్న పన్ను కూడా ఉంది. పాలకులను అడిగి లెక్క చెప్పించుకోగల ప్రజాశక్తి లేదు.

'రిఫ్లెక్షన్స్' గ్రంథంలో హఖ్ మానవాభివృద్ధికి నాలుగు స్తంభాలు చెప్పారు. అవి సమత, నిలకడ, ఉత్పాదకత, సాధికారత. సూచికలో చేరినవి ఆయుర్దాయం, విద్య, ఆదాయం. సమతకూ సాధికారతకూ అందులో తావు దొరకలేదు. 2010లో అసమానతను లెక్కలోకి తీసుకునే మరొక సూచిక చేరడంతో మొదటి లోటు కొంత తీరింది. రెండవది అట్లాగే ఉండిపోయింది.

ఆ లోటు ప్రాణాల మీదికి ఎట్లా వస్తుందో 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలోని సవార్‌లో తెలిసివచ్చింది. రానా ప్లాజా అనే భవనం కూలి, అందులోని దుస్తుల కర్మాగారాలలో పనిచేస్తున్న 1,100 మందికి పైగా కార్మికులు మరణించారు. గోడలు పగుళ్ళు ఇచ్చిన సంగతి ముందు రోజే అందరికీ తెలుసు. అయినా పనిలోకి రాక తప్పని స్థితి వారిది. వారిలో అధికులు స్త్రీలు. తల్లుల తరం కంటే ఎక్కువ చదువు, ఎక్కువ ఆదాయం గల తరం అది. సూచికలోని ప్రతి గడిలోనూ వారి జీవితం మెరుగుపడినట్లే నమోదై ఉంటుంది. పగిలిన గోడల మధ్యకు 'రాను' అని చెప్పగల బలం వారికి లేదన్న సంగతి ఏ గడిలోనూ లేదు.

రెండు దేశాల తీర్పు

ఇన్ని లోపాలు చూపినంత మాత్రాన హఖ్ మూలసూత్రం ఓడిపోయిందని భావించరాదు. ఆయన తొలి ప్రణాళికకు ప్రయోగశాలగా నిలిచిన దేశం రెండుగా చీలిన తరువాత జరిగిన చరిత్ర ఆ సూత్రాన్ని బలపరచింది.

1971లో బంగ్లాదేశ్ వద్ద మిల్లులూ తక్కువే, పెట్టుబడీ తక్కువే. ఢాకాలోని కలరా పరిశోధనశాలలో 1968లో పరీక్షించబడిన నోటి ద్వారా ఇచ్చే లవణ చికిత్స మాత్రం ఉంది. 1980 నుండి 1990 వరకు బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీరు కలిపి విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఎట్లా పట్టాలో కోటికి పైగా ఇళ్ళలో తల్లులకు నేర్పారు. టీకాలు, కుటుంబ సంక్షేమం, ఆడపిల్లల చదువు దానికి తోడయ్యాయి. దుస్తుల పరిశ్రమ విస్తరించే నాటికి పనిలో చేరడానికి ఆరోగ్యంతో బ్రతికి ఉన్న ఆడపిల్లలు, కొంత చదువుకున్న ఆడపిల్లలు ఆ దేశంలో ఉన్నారు. మిల్లులతో మొదలుపెట్టిన పాకిస్తాన్‌లో ఆ క్రమం తలక్రిందులైంది. 2023–24 మానవాభివృద్ధి నివేదికలో 193 దేశాలలో బంగ్లాదేశ్ 129వ స్థానంలో, భారతదేశం 134వ స్థానంలో, పాకిస్తాన్ 164వ స్థానంలో ఉన్నాయి. 2022 లెక్కల ప్రకారం బంగ్లాదేశ్‌లో ఆయుర్దాయం పాకిస్తాన్ కంటే సుమారు 7 సంవత్సరాలు అధికం.

గుస్తావ్ రానిస్, ఫ్రాన్సెస్ స్టూవర్ట్, అలెజాండ్రో రమిరెజ్ 2000లో ప్రచురించిన పరిశోధన అనేక దేశాల అనుభవం నుండి ఇదే నిర్ణయానికి వచ్చింది. మనుషుల మీద ముందుగా శ్రద్ధ పెట్టిన దేశాలలో కొన్ని ఆ తరువాత ఆర్థిక వృద్ధిని కూడా అందుకున్నాయి. మనుషులను విడిచి వృద్ధిని మాత్రమే పట్టుకున్న దేశాలు దానిని నిలుపుకోలేక వెనక్కు జారాయి. ఆధునికీకరణ, మానవాభివృద్ధి ఒకదానికొకటి శత్రువులు కావు. బడికి పన్ను కావాలి, పన్నుకు ఉత్పత్తి కావాలి. కాని ముందువెనుకలు తప్పితే రెండూ దక్కవు.

అయితే బంగ్లాదేశ్ కథ కూడా అక్కడితో ముగియలేదు. 2024 జూలై, ఆగస్టు నెలలలో ఉద్యోగాల కోటాపై మొదలైన విద్యార్థి ఉద్యమం వందలాది ప్రాణాలను బలిగొని, ఆగస్టు 5న ప్రభుత్వ పతనంతో ముగిసింది. వృద్ధిలోనూ సూచికలోనూ ప్రశంసలు అందుకున్న ప్రభుత్వం అది. 1968లో అభివృద్ధి ఉత్సవాల నడుమ అయూబ్‌కు ఎదురైన ప్రశ్నే యాభై ఆరేళ్ళ తరువాత ఢాకా వీధులలో మళ్ళీ వినిపించింది. అన్యాయం నాగరికతను కూల్చివేస్తుందని 'ముఖద్దిమా'లో ప్రత్యేకించి ఒక అధ్యాయాన్నే వ్రాసిన ఇబ్నె ఖల్దూన్ (1332–1406)కు ఇది కొత్త వార్త అయి ఉండదు.

ఇస్లామీయ ఆర్థికశాస్త్రానికి కొన్ని ప్రశ్నలు

హఖ్‌ను విమర్శించడం సులభం. ఆయన లేవనెత్తిన ప్రశ్నను ఇస్లామీయ ఆర్థికవేత్తలు ఎంతవరకు పట్టించుకున్నారన్నది అంతకంటే ఇబ్బందికరమైన విచారణ. 1976లో మక్కాలో మొదటి అంతర్జాతీయ ఇస్లామీయ ఆర్థిక మహాసభ జరిగింది. అటు తరువాత వెలువడిన సాహిత్యంలో సింహభాగం వడ్డీలేని బ్యాంకింగుకే కేటాయించబడింది. పాకిస్తాన్‌లో 1980లో జకాత్ ఆర్డినెన్సు వచ్చింది, 1981 జనవరిలో బ్యాంకులలో వడ్డీలేని ఖాతాలు తెరవబడ్డాయి. నూటికి 26 మంది మాత్రమే అక్షరాస్యులని తేల్చిన జనగణన కూడా 1981 నాటిదే. వడ్డీ నిషేధం నిస్సందేహంగా ఒక ధర్మాజ్ఞ. కాని ఇస్లామీయ బ్యాంకుల ఆస్తులు ఇన్ని వందల కోట్లకు పెరిగాయని సంబరపడే దృష్టికీ, జాతీయోత్పత్తి ఇంత శాతం పెరిగిందని సంబరపడిన 1963 నాటి దృష్టికీ తేడా ఎంత? కొలబద్ద పేరు మారింది, కొలిచే వస్తువు మళ్ళీ ధనమే అయింది. గజాలీ చివర ఉంచిన దానిని ఇస్లాం పేరిట మొదటికి తెచ్చినట్లయింది. ఉమర్ చాప్రా వంటి కొందరు మఖాసిద్ వెలుగులో ఈ లోపాన్ని ఎత్తిచూపి, దిద్దడానికి కృషి చేశారు. అట్టి కృషి ఇంకా ప్రధాన ప్రవాహం కాలేదు.

భారతీయ ముస్లింలకు ఈ చర్చ పరాయి దేశాల ముచ్చట కాదు. 1991 తరువాత వేగంగా ఆధునికమైన ఆర్థిక వ్యవస్థలో ముస్లింల స్థితి ఏమిటో 2006లో సచార్ కమిటీ లెక్కగట్టింది. 2001 జనగణన ప్రకారం దేశ అక్షరాస్యత 65.1 శాతం కాగా ముస్లింలలో 59.1 శాతం. 6 నుండి 14 సంవత్సరాల ముస్లిం పిల్లలలో నాలుగవ వంతు బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానివేశారు. ఆ నివేదిక వచ్చిన తరువాత జరిగిన చర్చలో అధిక భాగం ప్రభుత్వం ఏమి ఇవ్వాలన్న దాని చుట్టూ తిరిగింది. అది న్యాయమైన కోరికే, హక్కు కూడా. అయితే జకాత్ ఎవరికి చేరుతోంది, వక్ఫ్ భూముల ఆదాయంతో ఎన్ని బడులు నడుస్తున్నాయి, పెళ్ళికి వెచ్చించే సొమ్ములో ఎన్నో వంతు ఆడపిల్ల చదువుకు వెచ్చించబడుతోంది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది ప్రభుత్వం ఒక్కటే కాదు. ఉమ్మత్ తన ఇంటి లెక్క తాను చూసుకోనంత కాలం ఇతరుల లెక్కలు అడిగే గొంతుకు బలం రాదు.

డాక్టర్ మహబూబుల్ హఖ్ 1998 జూలైలో కన్నుమూశారు. ఆయన మూడు గ్రంథాలలో ఏది గొప్పదన్న చర్చకు అవకాశం ఉంది; అవి మూడూ కలిసి నేర్పే పాఠం విషయంలో సందేహానికి తావు లేదు. ఆయన తన పట్టికలోనే ఉన్న జనుము రైతును చూడడానికి అయిదేళ్ళు పట్టింది; ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది ఆ రైతే. చూసిన తరువాత మాత్రం ఆయన తల తిప్పుకోలేదు. ఆయన మార్చిన కొలబద్దను వాడుకుంటూనే, ఆయన పూర్తి చేయలేకపోయిన నాలుగవ షరతును, అనగా హక్కును హక్కుదారుకు చేర్చే పనిని, తరువాతి తరం నెత్తికెత్తుకోవలసి ఉంది.